దారి పక్క వరుస

మా అత్తను మేడ్చల్‌లో ఆస్పత్రిలో చేర్చిన రోజు నేను ముగ్గురితో గొడవ పడ్డాను. కింద స్కూటరు నిలపనివ్వని మనిషితో ఒకసారి, చీటీ మీద అత్త పేరును రెండుసార్లు తప్పు రాసిన అమ్మాయితో ఒకసారి, పైన వార్డులో సెలైన్ పెట్టిన నర్సుతో ఒకసారి. మొదటి రెండింటిలో న్యాయం నా వైపే ఉంది, ఎవరిని అడిగినా చెబుతారు. మూడో దాని సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. అత్త అంటే మా నాయిన చెల్లెలు మార్తమ్మ. ఎనభై దాటింది. తన బత్తాయి తోటలో నీళ్ల పైపులు కడుగుతూ మిట్టమధ్యాహ్నం ఎండకు కళ్లు తిరిగి పడిపోయింది. వడదెబ్బ అన్నారు, ఒక రోజు ఉంచుకుని సెలైన్ ఎక్కించి పంపిస్తామన్నారు. ఆ సెలైన్ ఎంత నెమ్మదిగా పడుతోందంటే, ఒక చుక్క రాలి ఇంకో చుక్క ఊరే లోపల నేను కిటికీ దాకా వెళ్లి రావచ్చు. ఇట్లా అయితే రేపటికి కూడా సీసా ఖాళీ కాదని నర్సుతో అన్నాను. పెద్ద వయసు వాళ్లకు అంతే ఎక్కించాలని చెప్పి ఆమె పక్క మంచం వైపు తిరిగింది. నా మాట పూర్తికాకముందే వీపు తిప్పినవాళ్లను నేను ఆ వీపును బట్టే గుర్తుపెట్టుకుంటాను. ఆమె బయటికి వెళ్లగానే గొట్టం మీదున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో పైకి నెట్టాను. చుక్కలు గబగబా రాలడం మొదలుపెట్టాయి.

అత్త కళ్లు తెరిచింది. నా వైపు కాదు, సీసా కింది గొట్టం వైపు చూసింది. పెదవులు కదిలాయి. పక్క మంచం దగ్గర కూర్చున్న ఆవిడ చేతులు జోడించి, పాపం ప్రార్థన చేసుకుంటుందమ్మా అంది. ప్రార్థనే, నిజం. కానీ అత్త ఆ ప్రార్థనతో ఏం చేస్తోందో ఆ వార్డులో నాకొక్కదానికే తెలుసు. చుక్కలు లెక్కపెడుతోంది. ఆ లెక్క నాకు పదిహేడేళ్ల వయసులో నేర్పింది.

ఆ రోజుల్లో అత్త మిషన్ ఆస్పత్రిలో ఆయా. మామయ్య పోయాక పిల్లలు లేకుండా పుట్టింటికి వచ్చింది. అత్వెల్లి దాటి శామీర్‌పేట వైపు వెళ్లే దారిలో మా ఊరు. ఒకే ప్రహరీ లోపల మూడు ఇళ్లు: మధ్యలో మా నాయిన అన్న, పెద్దబాపు యోహానుది, ఒక పక్క మాది, ఇంకో పక్క అవ్వతో పాటు అత్త ఉండే రెండు గదులు. మా నాయిన లారీ మీద తిరిగేవాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు, అందుకని ఇంటి పెద్దరికమంతా పెద్దబాపుదే. అత్త పొద్దున గంజి తాగి, తెల్లచీర కట్టుకుని బస్సెక్కేది. సాయంత్రం దిగేటప్పుడు ఆమెకన్నా ముందు డెటాల్ వాసన గుమ్మం దాటేది. అవ్వ దోసిట్లో తమ్మాకు నలుపుకుంటూ, వచ్చినవా, ఇగ నీ బిడ్డలకాడికి పో అనేది. అత్త చెప్పులు కూడా విప్పకుండా, మంచినీళ్లు కూడా తాగకుండా, ఇంటి వెనకున్న మెట్టనేల చెలకలోకి వెళ్లిపోయేది. బిడ్డలంటే అరవై బత్తాయి చెట్లు. ఐదు వరుసలు, వరుసకు పన్నెండు.

ఆ చెట్లు ఆమెకు ఆస్పత్రిలోనే దొరికాయి. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన కాలు విరిగి పదకొండో మంచం మీద చాలా వారాలు ఉన్నాడట. బత్తాయి తోట పెంచి పెంచి ముసలివాడైన మనిషి. కదలలేడు, మాటలు మాత్రం ఆగవు. మిగతా ఆయాలు పక్కమీది దుప్పటి మార్చి వెళ్లిపోతే, అత్త మార్చిన తర్వాత కూడా నిలబడి వినేదట. బత్తాయికి దాహమెక్కువే గానీ తిండిపోతు కాదని ఆయన చెప్పాడు. మొదలుకు తడి తగిలితే బంక కారి చస్తుందని, నీళ్లు కొమ్మల అంచు కింద పడాలి తప్ప కాండం దగ్గర కాదని చెప్పాడు. కాలు బాగై వెళ్లిన తర్వాత ఆయన కొడుకు వ్యాను మీద అరవై అంటు మొక్కలు తెచ్చి మా ప్రహరీ ముందు దించాడు. చేసిన సేవకు ఇట్లాంటి బహుమతి ఇచ్చినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

పెద్దబాపుకు ఆ అంట్లు నచ్చలేదు. అప్పట్లో మా వైపు తోట అంటే ద్రాక్ష. రాతి కూసాల మీద పందిళ్లు, పందిళ్ల కింద నీడ, నీడలో కాలువల నిండా నీళ్లు. పెద్దబాపు పంచె మోకాళ్ల పైకి కట్టి కాలువలో నిలబడి, నీళ్లు పాదాల మీది నుంచి పారుతుంటే కళ్లు మూసుకునేవాడు. ఆయనకు నీళ్లు పారాయంటే చప్పుడు వినపడాలి, కాలు దిగబడాలి. బోరు ఆయనది, మోటారు ఆయనది, నీళ్లు నిలవ చేసే హౌజు ఆయనది. అత్తకు తాత రాసిచ్చిన చెలక మాత్రం బండలతో నిండిన ఎర్రనేల, చుక్క నీరు లేదు. అత్త అడిగితే, ఆయన ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు పదిమందిలో జవాబు చెప్పాడు. అది కూడా నాకు కోపమే, ఇంటి మాట ఇంట్లో చెప్పవచ్చు కదా.

"నా ద్రాక్షకు పారినంక హౌజుల ఎంత మిగిల్తె అంత నీది, సెల్లె. ఐదో కోత పండుగకు ఐదు వరుసలు కాయాలె. కాసినయంటె నీళ్లు నీయి. కాయకుంటె ఆ సెలక నా పందిళ్లకు ఇడువాలె."

కోత పండుగంటే పంటలో కొంత గంపలో పెట్టి చర్చిలో అర్పించే రోజు. అత్త సరే అంది. బేరమాడలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. ఆ రోజు నుంచి మిగులు నీళ్లతో బతకడం ఎట్లాగో ఆమె ఆలోచించిన తీరును తలచుకుంటే, ఇంజనీర్లు చదువుకున్నదేమిటో నాకు అర్థం కాదు. ఆస్పత్రిలో పారేసే ఖాళీ సెలైన్ సీసాలను, గొట్టాలను పెద్ద సిస్టరమ్మను అడిగి తెచ్చుకునేది, అవి కూడా ఉప్పునీళ్లు తప్ప వేరే మందు ఎక్కించనివి మాత్రమే. కట్టెల పొయ్యి మీద డేగిసాలో మరిగించి, తీగ మీద ఆరేసేది. మా పెరట్లో బట్టల కంటే గొట్టాలు ఎక్కువ ఆరిన రోజులున్నాయి. మొదటి రెండు ఎండాకాలాలు ప్రతి అంటు పక్కన ఒక కట్టె పాతి, సీసా తలకిందులుగా వేలాడదీసి, చుక్క చుక్కగా నీళ్లు పెట్టింది. బస్సులో పోయేవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్లు. అవ్వ అరుగు మీద కూర్చుని, నా బిడ్డ సెట్లను వార్డుల చేర్చింది, ఇగ డాక్టరొక్కడు రావాలె అనేది. చెట్లు పెరిగాక సీసాలు చాలలేదు. అప్పుడు రెండు డాంబరు డ్రమ్ములను బండ మీదికి ఎక్కించి, హౌజులో మిగిలిన నీళ్లు వాటిలోకి వచ్చేట్టు చేసి, వరుసకొక నల్ల పైపు పరిచింది. పైపులకు వేడి సూదితో రంధ్రాలు చేసి సెలైన్ గొట్టాలు గుచ్చింది. ఒక్కో చెట్టుకు ముందు రెండు, తర్వాత నాలుగు, కొమ్మల అంచు పెరిగేకొద్దీ గొట్టాన్ని జానెడు జానెడు బయటికి జరుపుతూ. ప్రతి గొట్టానికీ దాని చిన్న చక్రం ఉండనే ఉంది.

చుక్కల లెక్కకు ఆమె దగ్గర గడియారం లేదు. పరలోక ప్రార్థన ఉంది. ఒక ప్రార్థన మొదలుపెట్టి ఆమెన్ అనే లోపల ఇరవై చుక్కలు పడాలి. ఎక్కువ పడితే చక్రం కిందికి, తక్కువ పడితే పైకి. నేను గబగబా చదివేసి ఎనిమిదే పడ్డాయంటే, నువ్వు దేవునితోని కొట్లాటకు పోతున్నవా, మెల్లగ సదువు అనేది. అందుకే మా అత్త ప్రార్థన చర్చిలో అయినా, అన్నం ముందైనా, చావు ఇంట్లో అయినా ఒకే వేగంతో నడుస్తుంది. రోజూ సాయంత్రం అరవై చెట్ల దగ్గర పెదవులు కదుపుతూ తిరిగే మనిషిని చూసి ఊళ్లో భక్తురాలనుకునేవాళ్లు. భక్తురాలే, కాదనను. కానీ ఆ నేల పైకి పొడిగా కనిపించేది, పారతో రెండు జానలు తవ్వితే లోపల చల్లగా తడి. చప్పుడు లేకుండా నీళ్లు పారడం నేను మొదట చూసింది అక్కడే.

ఇక నా తప్పు. పదకొండో మంచం తాత చెప్పిన మాటల్లో ఒకటి ఎవరికీ మింగుడుపడనిది. బత్తాయి పూతకు రావాలంటే చలికాలంలో కొన్ని వారాలు నీళ్లు పూర్తిగా ఆపేయాలి. దాన్ని బెట్ట అంటారు. ఆకులు ముడుచుకుంటాయి, పసుపెక్కి రాలతాయి, చెట్టు చస్తుందేమో అనిపిస్తుంది. అప్పుడు నీళ్లిస్తే ఒళ్లంతా పూత విరుచుకుపడుతుంది. మధ్యలో జాలిపడి పోస్తే పూత రాదు, వట్టి ఆకు వస్తుంది. అత్త ఇదంతా నాకు చెప్పింది. ఐదో కోత పండుగకు కాయలు రావాలంటే ఆ ముందటి క్రిస్మస్ దాకా బెట్ట ఉండాలి. వర్షాలు ఆగాక చక్రాలన్నీ మూసేసింది. డ్రమ్ములు నిండుగా ఉన్నాయి, చెట్లు ఎండుతున్నాయి. దారిలో పోయే ప్రతివాడూ నిలబడి మార్తమ్మకు ఏమైందని అడిగేవాడు.

క్రిస్మస్ ముందు పెద్దబాపు వాకిట్లో గరిజెలు, అంటే కజ్జికాయలు, చేస్తున్నారు. చుట్టుపక్కల ఆడవాళ్లంతా వచ్చారు. అత్త డ్యూటీలో ఉంది. పెద్దబాపు కూతురు శాంత నా ఈడుదే, గరిజెల అంచు మడుస్తూ తల ఎత్తకుండా అంది.

"మీ అత్త అక్కడ మందికి నీళ్లెక్కించి బతికిస్తది, ఇంటికొచ్చి సెట్లకు నీళ్లు బందువెట్టి సంపుతది. గిది ఏం నౌకరో ఏమొ."

అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది, అది ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. శాంత ఇప్పుడు కొంపల్లిలో ఉంటుంది, మనవలున్నారు, క్రిస్మస్‌కు పిలుస్తుంది. వెళ్తాను గానీ గరిజె ముట్టను. ఎందుకు తినవు అని ఇప్పటికీ అడుగుతుంది. అంత గట్టిగా నవ్వించిన మాట తనకు గుర్తులేదంటే నేను నమ్మను.

ఆ రోజు నేను పిండి చేతులు కడుక్కుని చెలకలోకి వెళ్లాను. దారి పక్క వరుస అన్నిటికంటే ముందు కనిపించే వరుస, అందరూ వేలు పెట్టి చూపించే వరుస. ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. మిగతావి ఎట్లా ఉన్నా ఈ ఒక్క వరుస పచ్చగా ఉంటే ఎవరూ నవ్వరనుకున్నాను. పన్నెండు చెట్ల చక్రాలన్నీ పూర్తిగా తెరిచాను. రెండు డ్రమ్ములూ ఖాళీ అయ్యేదాకా బండ మీద కూర్చుని, గొట్టాల కింద తడి కనిపించకుండా పొడిమట్టి కప్పి, చక్రాలు మూసి వచ్చాను. సాయంత్రం అత్త వచ్చింది, ఎప్పటిలాగే చెలకలోకి వెళ్లింది, చాలాసేపు రాలేదు. వచ్చాక కాళ్లు కడుక్కుని, గరిజెలెట్లున్నయి అని అడిగింది. అంతే. నేను బతికిపోయాననుకున్నాను. వారం తిరిగేసరికి ఆ వరుస కళకళలాడింది. దారిన పోయేవాళ్లు మెచ్చుకున్నారు. నాకు గర్వంగా కూడా ఉండింది, దాచడమెందుకు.

కొత్త సంవత్సరం వచ్చాక అత్త పాదులు తవ్వి, పెంట ఎరువు వేసి, మెల్లగా నీళ్లు మొదలుపెట్టింది. కొన్ని వారాలకు ఒక ఉదయం తలుపు తీస్తే ఇల్లంతా పూల వాసన. తేనెటీగల రొద వాకిలి దాకా వినపడుతోంది. నాలుగు వరుసల మీద ఆకు కనిపించకుండా తెల్లటి పూత. ఐదో వరుస, దారి పక్కది, ముదురాకుపచ్చగా, నున్నగా, ఒక్క పువ్వు లేకుండా నిలబడింది. పెద్దబాపు మాట ఐదు వరుసలది. చెలక పోతుంది, నా వల్ల పోతుంది. చెప్పేద్దామని ఎన్నిసార్లో అత్త వెనకాల గొట్టాల మధ్య తిరిగాను. ఆమె తిరిగి చూసి ఏంది అంటే, ఏం లేదు అన్నాను. ఆ ఏం లేదు అన్న మాటను నలభై ఏళ్లకు పైగా అంటూనే వచ్చాను.

కోత పండుగకు ముందు పెద్దబాపు తోట చూడటానికి వచ్చాడు. ఒక్కడే రాలేదు, చర్చి పెద్దలు ఇద్దరిని వెంటబెట్టుకు వచ్చాడు. దారి మీది నుంచి వస్తే మొదట కనిపించేది ఆ వరుసే. ఐదేళ్లు నా బోరు నీళ్లు తాగి ఆకులు కాసినయి అన్నాడు. నేను అత్త పక్కనే గంప పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను కూడా. నాకంటే ముందు అత్త మాట్లాడింది.

"గీ వరుసకు బెట్టల నీళ్లు వడ్డయన్నా. తప్పు నాదే. సెట్టుది కాదు. ముందుగాల లోపలికి నడువు."

లోపల నాలుగు వరుసల్లో కొమ్మలు కాయల బరువుకు నేలకు వంగి ఉన్నాయి. కొన్నిటికి వెదురు కర్రలు ఊతం పెట్టింది. పెద్దలిద్దరూ వంగి కొమ్మల కింద చూస్తూ తిరిగారు. పెద్దబాపు ఒక కాయ కోసి, గోళ్లతో తొక్క ఒలిచి, నిలబడే తిన్నాడు. పుల్లగుంది అన్నాడు. ఇంకొకటి కోశాడు. పుల్లగుంది అంటూనే మూడు తిన్నాడు. చివరికి చేతులు తుడుచుకుని, మాటంటే మాటే, ఐదు వరుసలనుకున్నం కద అన్నాడు. అత్త అవునంది. వచ్చే కోత పండుగకు గంపలో పెట్టే కాయలు దారి పక్క వరుసవే అయి ఉంటాయని, కాకపోతే అడగకుండానే చెలక వదిలేస్తానని చెప్పింది. పెద్దలు ముఖాలు చూసుకుని తలలాడించారు. ఆ రోజు సాయంత్రం అత్త నన్ను పిలిచి, దారి పక్క వరుస దగ్గర నిలబెట్టి, "గిది ఇగ నీది. నేను ముట్ట," అంది.

నేను దాన్ని అవమానంగా తీసుకున్నాను. కాసిన నాలుగు వరుసలు తన దగ్గర ఉంచుకుని, గొడ్డు వరుసను నాకు అంటగట్టిందని అమ్మతో గొణిగాను. చెలక పోతే నింద నా మీద వేయడానికే ఈ ఏర్పాటని కూడా అన్నాను. అమ్మ, నీకు పట్టింపులెక్కువ అని పిండి కలుపుకుంటూ కూర్చుంది. కానీ మొండితనానికి ఒక ఉపయోగం ఉంది. నేను ఆ వరుసను వదల్లేదు. కాలేజీ నుంచి వచ్చి పుస్తకాలు బండ మీద పెట్టి, చెట్టు చెట్టు దగ్గర మెల్లగా, దేవుడితో కొట్లాట లేకుండా, ప్రార్థన చదివి చుక్కలు లెక్కపెట్టాను. ఉప్పు పేరుకుని మూసుకుపోయిన గొట్టాలను సూదితో గుచ్చి, నోటితో ఊది బాగు చేశాను. గొట్టం తడి కాండం వైపు పాకితే జానెడు బయటికి జరిపాను. కోత పండుగ అవగానే చక్రాలన్నీ నా చేత్తో మూశాను.

ఆ బెట్ట అంత పొడుగైన కాలం నా జీవితంలో మళ్లీ రాలేదు. పెద్దబాపు వాకిట్లో మళ్లీ గరిజెల పొయ్యి వెలిగింది, శాంత మళ్లీ అదే రకం మాట అంది, మళ్లీ నవ్వారు. నేను చెలకలోకి వెళ్లాను. డ్రమ్ములు నిండుగా ఉన్నాయి. ఆకులు చుట్టుకుపోయి, గాలికి పొడిగా చప్పుడు చేస్తున్నాయి. నా చెట్టు నన్ను చూస్తున్నట్టే ఉంది. ఒక్క చక్రం, సగం తిప్పితే ఏమవుతుంది అని వేలు దాని మీద పెట్టాను కూడా. అప్పుడు తెలిసింది, అత్త ముందటేడు అరవై చెట్ల దగ్గర ఈ పనే చేసిందని, పొయ్యడం కన్నా పొయ్యకుండా నిలబడటం కష్టమైన పని అని. చేతులు ఒళ్లో పెట్టుకుని బండ మీద కూర్చున్నాను. అత్త బస్సు దిగి వచ్చి, తెల్లచీరతోనే నా పక్కన కూర్చుంది. సంచీలోంచి ఆస్పత్రి బ్రెడ్డు ముక్క తీసి సగం నాకిచ్చింది.

ఆ ఏడు నా వరుస మిగతా నాలుగింటి కంటే ఎక్కువ పూసింది. ముందటేడు కాపు లేక బలం మిగుల్చుకున్న చెట్లు కదా అని ఇప్పుడైతే చెప్పగలను, అప్పుడు అద్భుతమే అనుకున్నాను. గంపను అత్త మోయలేదు, నాతో మోయించింది. బలిపీఠం ముందు మొక్కజొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, పెద్దబాపు ద్రాక్ష గుత్తులు, వాటి మధ్య నా బత్తాయిలు. పెద్దబాపు గంప వైపు చూసి, ఏ వరుసయి అని అడిగాడు. దారి పక్కయి అంది అత్త. మర్నాడు పొద్దున మోటారు వేయగానే ఆయన ద్రాక్ష కాలువ మూసి, ముందుగాల నీ డ్రమ్ములు నింపుకో సెల్లె అన్నాడు. బతికున్నంత కాలం ఆ వరస తప్పలేదు. చర్చి ముందు మాట అన్నవాడు మాట నిలబెట్టుకోవడం కూడా చర్చి ముందంత గట్టిగానే చేశాడు. ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో సగం ఆ రోజు కొట్టేశాను. మిగతా సగం ఉంచుకున్నాను. ఎందుకంటే కొన్నేళ్లకు తోట చూడటానికి ఎవరో అధికారులు వచ్చి ఫోటో తీసినప్పుడు, అత్తను కాస్త పక్కకు జరగమని పెద్దబాపును చెట్టు పక్కన నిలబెట్టారు. ఆయన నిలబడనన్నాడా, లేదు. నవ్వుతూ నిలబడ్డాడు.

ఇప్పుడా ద్రాక్ష పందిళ్లు లేవు. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి. నీళ్ల చప్పుడు వినాలనుకున్న తోటలన్నీ ముందు పోయాయి. రాతి కూసాలు కొన్ని ప్లాట్ల హద్దులకు పాతారు. అత్త చెలక మాత్రం చుట్టూ ఇళ్ల గోడల మధ్య ఉంది, చచ్చిన చెట్టు చోట కొత్త అంటు పెడుతూ ఐదు వరుసలూ నిలబెట్టింది. సెలైన్ గొట్టాలు పోయి అసలైన డ్రిప్పు వచ్చింది, అయినా ప్రార్థన చదివి చూస్తే గానీ ఆమెకు నమ్మకం కుదరదు. నేను దూలపల్లిలో అపార్టుమెంటులో ఉంటున్నాను. పైన ట్యాంకు నిండి పొంగి మెట్ల మీదుగా కారుతుంటే ఎవరికీ పట్టదు. ప్రతిసారీ కాగితం రాసి సంఘం పెద్ద తలుపు కింద తోస్తాను. వాచ్‌మన్ నాకు కంప్లైంటు మేడం అని పేరు పెట్టాడని తెలుసు. ఒక ప్రార్థన చదివే లోపల ఆ మెట్ల మీద ఎన్ని చెట్ల నీళ్లు పోతాయో లెక్కపెట్టి చెప్పగలను. వినేవాళ్లెవరు?

ఆస్పత్రి మంచం మీద అత్త పెదవులు కదలడం ఆగింది. ఆమెన్ దాకా వచ్చిందన్నమాట. చెయ్యి ఎత్తబోయింది, సూది గుచ్చిన చెయ్యి, లేవలేదు. ఈలోగా నర్సు తిరిగొచ్చింది. గొట్టం చూసి ఆగిపోయింది. చక్రాన్ని టక్కున కిందికి తిప్పి, మా ఇద్దరి వైపు చూసింది.

"గీ చక్రం ఎవలు ముట్టిండ్రు?"

"నేనే, బిడ్డా," అంది అత్త. గొంతు ఎండిపోయి ఉంది, అయినా నాకంటే ముందే అంది.

"ఆమె కాదమ్మా, నేను," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో, ఇన్నేళ్లు దాన్ని ఎందుకు మోశానో నాకే అర్థం కాలేదు. నర్సు చాలానే అంది. పెద్దామె గుండె అంత నీళ్లు జల్దీ తట్టుకోదని, తెలియకపోతే అడగాలని, చదువుకున్నదానిలాగ ఉన్నావు గదా అని. తల వంచుకుని విన్నాను. ఆమె వెళ్లాక మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అత్త మూసిన కళ్లతోనే నవ్వుతోంది. ఆ ఏడు బెట్టలో దారి పక్క వరుసకు నీళ్లు పోసిందెవరో నీకు తెలుసా అని అడిగాను.

"తెల్వదా ఏంది. పొద్దున నిండున్న డ్రమ్ములు పొద్దుగూకాల ఖాళీ. ఇంట్ల అందరి చేతులకు పిండి, నీ చేతులకు మట్టి."

మరి ఒక్క మాటైనా అనలేదెందుకని అడిగాను. నా గొంతులో ఫిర్యాదు ఉంది, దాచలేను. అత్త కళ్లు తెరిచి నా వైపు తిరిగింది.

"మాటంటె నువ్వు ఇయ్యాల్టిదాంక మోద్దువు, సుగుణా. నాకు ఎర్క లేదా నీ సంగతి. అందుకె వరుసనిచ్చిన. వరుసయితె కాస్తది."

అంతలోనే నిద్రలోకి జారుకుంది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని, గొట్టం వైపు చూస్తూ, ప్రార్థన మొదలుపెట్టాను. మెల్లగా చదివాను. ఆమెన్ అనేసరికి తొమ్మిది చుక్కలు పడ్డాయి. నర్సు చెప్పిన లెక్క అదే అయి ఉంటుంది. ఆ నర్సు అన్న మాటలన్నీ నాకు గుర్తున్నాయి, వరసగా చెప్పమంటే చెబుతాను. కానీ వాటిని నా ఫిర్యాదుల జాబితాలో రాసుకోలేదు.